సల్మా బావి, మర్జూక్ బావి, మధ్యలో గౌస్ భాయ్

గౌస్ మొహిద్దీన్ గారికి "కాదు" అనడం రాదు.

ఆయన మెతక మనిషని దీని అర్థం కాదు. నిజంగానే రాదు. ఆయనకు నాలుగు భాషలు వచ్చు, నాలుగింటిలోనూ ఆ ఒక్క మాట లేదు. తెలుగులో "అట్లనే" అంటారు. ఉర్దూలో "బిల్కుల్". అరబ్బీలో "సహ్", అంటే నిజమేనని. ఇంగ్లిష్‌లో "ఎస్ సర్". ఎదుటివాళ్లు ఏమన్నారన్నది ఆయనకు ముఖ్యం కాదు. వాళ్లు అనడం పూర్తయిందా లేదా అన్నదే చూసుకుంటారు. పూర్తవగానే ఒప్పేసుకుంటారు.

ఒకసారి సౌదీలో మేముండే హఫర్ అల్ బాతిన్ బజారులో ట్రాఫిక్ పోలీసు ఒక కారు అద్దంలోకి వంగి, "ఎర్రలైటు దాటావా?" అని అడిగాడు. గౌస్ భాయ్ "సహ్" అన్నారు. జరిమానా కట్టి వచ్చారు. పోలీసు అడిగింది పక్క కారులో ఉన్నాయన్ని.

రంజాన్ నెలలో ఒకే సాయంత్రం మూడిళ్లకు ఇఫ్తార్‌కు వస్తానని మాటిచ్చారు. మూడిళ్లకూ వెళ్లారు, మూడుచోట్లా తిన్నారు. మూడో ఇంటాయన సగం మిగిలిన హలీమ్ గిన్నె చూసి నొచ్చుకుని, "ఏం గౌస్ భాయ్, మా వంట నచ్చలేదా?" అన్నాడు. "అట్లనే" అన్నారు ఈయన. ఆ ఇంటి నుంచి మళ్లీ పిలుపు రాలేదు.

ఆయన భార్య మహబూబ్బీ జగిత్యాలలో ఉంటుంది. రోజూ వీడియో కాల్ చేస్తుంది. ఒకరోజు ఫోను నా వైపు తిప్పించుకుని చెప్పింది: "గిప్పుడొచ్చిన అలవాటు కాదు సారూ. మా నిఖాల 'కబూల్' అని మూడుసార్లు అనుమన్నరు. ఖాజీ సాబ్ ఇగ చాలు బిడ్డా అని ఆపెదాంక అనుకుంటనే ఉన్నడు." పక్కనుంచి గౌస్ భాయ్ "అట్లనే" అన్నారు.

మా పాప పుట్టిన కొత్తలో చూడ్డానికి ఖర్జూరాల డబ్బాతో వచ్చారు. "పాప అచ్చం నాలాగే ఉంది కదా అన్నయ్యగారూ?" అంది మా శ్రీలత. "అట్లనే అమ్మా." "ముక్కు మాత్రం నాదే," అన్నాను నేను. "అట్లనే సారూ." తెనాలి నుంచి వీడియోలో చూస్తున్న మా అత్తగారు అడ్డొచ్చి, ఇద్దరి పోలికా లేదు, అంతా మా పెద్దక్క పోలికే అన్నారు. "అట్లనే అమ్మా, గదే అనుకుంటున్న," అన్నారు గౌస్ భాయ్. ఆ పెద్దక్కగారిని ఆయన జన్మలో చూడలేదు.

అన్నిటికంటే ఘోరం కాఫీ దగ్గర. ఇక్కడి వాళ్ల ఇంటికి వెళితే చిన్న చిన్న పింగాణీ కప్పుల్లో ఏలకుల కాఫీ పోస్తారు. తాగినకొద్దీ పోస్తూనే ఉంటారు. చాలనుకుంటే కప్పును కొంచెం అటూ ఇటూ ఆడించి తిరిగివ్వాలి. ఆడించడమంటే వద్దనడం. వద్దనడం గౌస్ భాయ్‌కి రాదు. అందుకని కూజా ఖాళీ అయ్యేదాకా తాగుతారు. కాఫీ పోసేవాడు అలిసిపోయి ఆపడమే గాని ఈయన ఆపగా ఎవరూ చూడలేదు. ఆ రాత్రుళ్లు ఆయనకు నిద్ర పట్టదు. పొద్దున "కాఫీ ఎక్కువైందా భాయ్?" అంటే ఏమంటారో మీకే తెలుసు.

ఇలాంటి మనిషిని మా కంపెనీ మందూబ్‌గా పెట్టుకుంది. మందూబ్ అంటే ఆఫీసుల చుట్టూ తిరిగి, ఊరి పెద్దలతో మాట్లాడి, కంపెనీ పనులు చక్కబెట్టుకొచ్చే మనిషి. ఒకరకంగా కంపెనీకి నోరు. ఆ నోటికి వద్దనడం రాదని తెలిసేసరికి బాగా ఆలస్యమైంది.

మా కంపెనీ పని పాత బావులు బాగుచేయడం. బస్రా నుంచి మక్కాకు హజ్ యాత్రికులు ఒంటెల మీద వెళ్లిన పాతదారి మా ఊరి పక్కనుంచే పోతుంది. ఆ దారిలో బావులుంటాయి. పూడిక తీయాలి, రాతికట్టు సరిచేయాలి, బావి పేరు రాసిన బోర్డు పెట్టాలి, చుట్టూ కంచె వేసి తాళం బిగించి, ఈ పని ఇచ్చిన పెద్ద ఆఫీసు వాళ్లకు అప్పజెప్పాలి. ఇందులో నీళ్లు పరీక్షించే భాగం నాది. నేను చదివింది కెమిస్ట్రీ. పాప పుట్టాక నేను నీళ్లను నమ్మడం మానేశాను. దుకాణంలో కొన్న సీసా నీళ్లను కాచి, చల్లార్చి, వడగట్టి, అప్పుడు మీటరు పెట్టి చూసేవాణ్ని. "ముందు నిన్ను కాచి చల్లార్చాలి," అనేది శ్రీలత.

ఆఖరి బావి నీళ్లలో ఉప్పు ఎక్కువ. మనుషులు తాగడానికి పనికిరావని రిపోర్టు రాశాను. గొర్రెలు మాత్రం ఇష్టంగా తాగుతాయి. ఆ సంగతి రాయడానికి రిపోర్టులో చోటు లేదు.

ఆ గొర్రెలు వాటిని కాసే పీరయ్యవి కావు, ఆయన కఫీల్‌వి, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమానివి. పీరయ్యది మెట్‌పల్లి పక్కన పల్లె. భవనాల పనికని వచ్చి ఎడారిలో మంద వెంట తేలాడు. ఇంటికి పంపమని అడిగితే కఫీల్ ఒక మాట చెప్పాడు: ఎండాకాలం దాటేసరికి మందలో ఒక్క తల కూడా తగ్గకూడదు, అప్పుడు పంపిస్తాను. నీళ్ల ట్యాంకరు కూడా పంపిస్తానన్నాడు గానీ ఆ సంగతి ఆయనకు గుర్తొచ్చినప్పుడే పంపేవాడు. గుర్తు రానప్పుడు మంద మా బావి దగ్గరి తొట్టికి వచ్చేది. మరో చోట నీళ్లు కావాలంటే పెద్ద రోడ్డు దాకా నడవాలి. ఆ ఎండలో మంద సగం దారిలోనే రాలిపోతుంది.

"కంచె ఎప్పుడేస్తరు సారూ?" అని అడిగాడు పీరయ్య ఒకరోజు.

"బోర్డు పెట్టగానే."

"బోర్డు ఎప్పుడు పెడ్తరు?"

"బావి పేరు తేలగానే."

"అయితే పేరు తేలకుండ జూడుండ్రి," అన్నాడు నవ్వుతూ.

నేనూ నవ్వాను. గౌస్ భాయ్ "అట్లనే" అన్నారు. ఆయన రోజుకు అనే వందల అట్లనేల్లో అదొకటి.

పేరు తేలకపోవడానికి ఎవరూ కష్టపడనక్కర్లేదని మాకు త్వరలోనే తెలిసింది. ఆ బావికి ఇటువైపు అబూ నాసిర్ గారి కుటుంబం, అటువైపు అబూ తలాల్ గారి కుటుంబం. ఇద్దరూ గడ్డాలు నెరిసిన పెద్దమనుషులు. ముందు అబూ నాసిర్ గారింటికి వెళ్లాం. మా ఇంజినీరు ఇష్తియాక్ గారు ముందు, నేను వెనక, మధ్యలో గౌస్ భాయ్.

"అది మర్జూక్ బావి," అన్నారు అబూ నాసిర్. "మా పూర్వీకుడు. ఒంటెలు తోలేవాడు. దాహంతో ఒంటె కూలబడిన చోటే తవ్వాడు, నీళ్లు పడ్డాయి. మనిషికైనా పశువుకైనా ఏనాడూ లేదనలేదు."

"సహ్," అన్నారు గౌస్ భాయ్.

ఇష్తియాక్ గారు సంతోషించి బోర్డు చేయించారు. అది పెట్టిన మర్నాడే అబూ తలాల్ గారి నుంచి కబురొచ్చింది. వెళ్లాం.

"ఎవరా మర్జూక్?" అన్నారాయన. "అది సల్మా బావి. మా వంశపు ఆడపడుచు. భర్త హజ్ దారిలో దాహంతో పోతే, ఇంకే ఆడదానికీ ఆ గతి పట్టకూడదని ఒంటి మీది వెండి అంతా అమ్మి తవ్వించింది. గుక్కెడు నీళ్లు అడిగిన వాళ్లెవరినీ ఉత్త చేతులతో పంపలేదు."

"సహ్," అన్నారు గౌస్ భాయ్, ఈసారి కళ్లు కూడా తుడుచుకుని.

మర్జూక్ బోర్డు దింపి సల్మా బోర్డు పెట్టారు. అబూ నాసిర్ గారు ఆఫీసుకే వచ్చారు. "మీ మనిషి నా ఇంట్లో కూర్చుని ఒప్పుకున్నాడు," అన్నారు. సల్మా దిగింది, మర్జూక్ ఎక్కాడు. అటునుంచి అబూ తలాల్ గారొచ్చారు. ఇట్లా ఎక్కించడం, దించడం, దించేటప్పుడు వంకరపోయిందని కొత్తది చేయించడం. ఆఫీసు వెనక బోర్డులు పేరుకుపోయాయి. క్యాంపు వంటగది తలుపు ఊడిపోతే ఒక మర్జూక్‌ను బిగించారు. నీళ్ల ట్యాంకు మూత గాలికి పోతే ఒక సల్మాను కప్పారు.

ఇష్తియాక్ గారిది ముల్తాన్. ఓపికస్తుడు. గౌస్ భాయ్‌ని కూర్చోబెట్టి ఉర్దూలో నచ్చజెప్పారు.

"గౌస్ సాబ్, నాకోసం ఒక్క పని. ఆ ఇద్దరిలో ఒకరికి 'నహీ' అనండి. ఎవరికైనా సరే."

"బిల్కుల్ సర్."

"ఎవరికంటారు?"

"మీరు ఎవరికంటే వాళ్లకే."

"సరే, సల్మా వాళ్లకు అనండి."

"బిల్కుల్."

"ఉండండి. మర్జూక్ వాళ్లకైతే మేలేమో."

"బిల్కుల్. అదే మేలు."

ఇష్తియాక్ గారు లేచి బయటికి వెళ్లి, టోపీ లేకుండా ఎండలో కాసేపు నిలబడ్డారు.

నేను నా చదువు ఉపయోగించాను. బావి గట్టు మీద తాళ్లు ఒరిసిన గాడులు కొలిచాను. రాళ్ల మధ్య సున్నం గీకి పరీక్షకు పంపాను. చాలా పాతదని జవాబొచ్చింది. ఆ సంగతి రెండు కుటుంబాలూ మొదటి నుంచీ చెబుతున్నవే.

పెద్ద ఆఫీసు వాళ్లు ఒక ఉపాయం చెప్పారు. ఏ పేరూ వద్దు, "బావి నంబరు పదకొండు" అని రాసేయమన్నారు. ఆ ఒక్క పూట రెండు కుటుంబాలూ ఏకమై ఆఫీసు మీదికి వచ్చాయి. "నంబరు వచ్చి తవ్విందా బావిని?" అని అరిచారు అబూ తలాల్. గౌస్ భాయ్ అలవాటుగా "సహ్" అన్నారు. తర్వాత ఆయన్ని ఇంటికి పంపేసి తలుపు వేసుకున్నాం.

ఇట్లా ఎండలు ముదిరాయి. కంచె కోసం తీసిన గుంతలు ఇసుకతో సగం పూడిపోయాయి. ఇనుప స్తంభాలు నేల మీద పడుకునే ఉన్నాయి. పీరయ్య మంద పొద్దున్నే వచ్చి వాటిని దాటుకుని తొట్టి చుట్టూ చేరేది. మందలో ఒక్క తల తగ్గలేదు. నేను మాత్రం ఇష్తియాక్ గారు అడిగినప్పుడల్లా "ఇంకా తేలలేదండీ" అని చెప్పి చెప్పి, ఇంటికెళ్లి పాప పాలసీసాలు రెండోసారి మరిగించేవాణ్ని.

చివరికి పెద్ద ఆఫీసు వాళ్లకు విసుగొచ్చింది. పేరు తేలినా తేలకపోయినా వచ్చేవారం కంచె వేసి తాళం బిగించాల్సిందేనన్నారు. పీరయ్యకు ఆ మాట చేరవేయాల్సి వచ్చింది.

"ఎండలింక తగ్గలేదు కద సారూ," అన్నాడు. "మందనేం జెయ్యాలె?"

తొట్టిని కంచె బయట కడితే సరిపోతుందని ఇష్తియాక్ గారు ఎప్పుడో గీత గీసి చూపించారు. కానీ బయటి నేల మాదంటే మాదని రెండు కుటుంబాలకూ తగువు. ఒకరి నేలలో కడితే ఇంకొకరు కూలగొడతామన్నారు. పీరయ్య గౌస్ భాయ్ వైపు చూశాడు. గౌస్ భాయ్ మొదటిసారి ఏమీ అనలేదు. ఒప్పుకోవడానికి పీరయ్య ఆయన ముందు ఏమీ పెట్టలేదు మరి.

కంచె వేసే ముందు ఆఖరి ప్రయత్నంగా ఇద్దరు పెద్దల్నీ ఒకచోట కూర్చోబెట్టారు ఇష్తియాక్ గారు. సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక అబూ నాసిర్ గారి గుడారంలో చేరాం. అబూ తలాల్ గారు ఎదురుగా దిండుకు ఆనుకున్నారు. "ఇవాళ మీ నోటి నుంచి ఒకే పేరు రావాలి గౌస్ సాబ్," అన్నారు ఇష్తియాక్ గారు చెవిలో. "బిల్కుల్," అన్నారు గౌస్ భాయ్.

కాఫీ వచ్చింది. అందరి కప్పుల్లోనూ పోశారు. గౌస్ భాయ్ కప్పు అందుకున్నారు. తాగలేదు. తన ముందు తివాచీ మీద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

గుడారంలో ఉన్నవాళ్లంతా ఆ కప్పు వైపే చూశారు. నాకేమీ అర్థం కాలేదు. కాఫీ కూజాలు ఖాళీ చేసే మనిషి, పాపం, కడుపులో మంటేమో అనుకున్నాను. "చల్లారిపోతుంది భాయ్, వేడిది పోయిస్తానుండండి," అని ఆ కప్పు తీయబోయాను. ఇష్తియాక్ గారు నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగారు. "ముట్టుకోవద్దు," అన్నారు. "ఆయనకేదో కావాలి. అది ఇస్తామనేదాకా తాగరు. తాగకుండా లేచిపోతే ఈ ఇంటికి తలవంపు."

"తాగు గౌస్," అన్నారు అబూ నాసిర్.

"లా," అన్నారు గౌస్ భాయ్.

అరబ్బీలో లా అంటే వద్దు. కాఫీ పోసేవాడి చేతిలో కూజా వంగినట్టే ఉండిపోయింది. ఇష్తియాక్ గారు నా మణికట్టు వదలడం మరిచిపోయారు.

"నీకేం కావాలి? పేరా?" అన్నారు అబూ నాసిర్. "సరే, చెప్పు. నువ్వు ఏది అంటే అది."

"పేరు వద్దు," అన్నారు గౌస్ భాయ్. నాకు వచ్చిన కొద్దిపాటి అరబ్బీకే అర్థమయ్యేంత మెల్లగా మాట్లాడారు. "మీరు మర్జూక్ అన్నారు, నేను నిజమే అన్నాను. ఆయన ఎవరికీ లేదనలేదన్నారు, నిజమే అన్నాను. మీరు సల్మా అన్నారు, ఆమె ఎవరినీ ఉత్త చేతులతో పంపలేదన్నారు, నిజమే అన్నాను. ఇప్పుడు మా వాళ్లు దానికి తాళం వేస్తారు. గొర్రె వచ్చి నిలబడితే ఆ తాళం లేదంటుంది. పైన బోర్డు మీద మీ వాళ్ల పేరే ఉంటుంది. మర్జూక్ పేరుతోనో సల్మా పేరుతోనో లేదంటుంది."

గౌస్ భాయ్ కప్పును ఇంకొంచెం ముందుకు జరిపారు.

"తొట్టి కంచె బయట కట్టనివ్వండి. ఎవరి మంద వచ్చినా తాగనివ్వండి. నేల ఎవరిదన్నది నిదానంగా తేల్చుకోండి. అందాకా నేను ఇద్దరికీ ఒప్పుకుంటాను."

ముందు అబూ తలాల్ గారు కదిలారు. "తాగు. మా వైపు కట్టుకో."

అబూ నాసిర్ గారు చివ్వున లేచి కూర్చున్నారు. "నా గుడారం, నా కాఫీ, నా అతిథి. మాట ఇవ్వడానికి ఈయనెవరు? మా వైపే కట్టాలి."

"నేను ముందన్నాను."

"నన్ను ముందడిగాడు."

సల్మా, మర్జూక్‌ల తగువు కంటే ఈ తగువు గట్టిగా సాగింది. చివరికి రెండు వైపులా రెండు తొట్లు కట్టేట్టు తేలింది. గౌస్ భాయ్ ఇద్దరికీ "సహ్" చెప్పి, చల్లారిన కాఫీ గటగటా తాగేశారు. ఆ వెంటనే కప్పు నిండింది. దాన్ని ఆడించడం ఆయనకు రాదు కాబట్టి మేం కదిలేసరికి చాలాసేపు పట్టింది.

బోర్డులు కూడా రెండు పెట్టారు. వంటగది తలుపు ఊడదీసి ఒకవైపు, ట్యాంకు మూత తీసి ఒకవైపు. కంచె పడింది. పెద్ద ఆఫీసు వాళ్లు వచ్చి చూసి, ఒక బావికి రెండు పేర్లేమిటని అడిగారు. గౌస్ భాయ్‌నే అడిగారు. ఆయన "ఎస్ సర్" అన్నారు.

ఆ గుడారం నుంచి తిరిగొచ్చేటప్పుడు కారులో నేను ఉండబట్టలేక అడిగాను. "గౌస్ భాయ్, కంచె పడకూడదని, ఎండాకాలమంతా కావాలనే ఇద్దరికీ ఒప్పుకున్నారా?"

"అట్లనే సారూ."

"లేక మీకది అలవాటా?"

"అట్లనే సారూ."

ఒకే పరీక్షకు రెండు ఫలితాలొస్తే పరికరం పాడైందని అర్థం. మాకు కాలేజీలో చెప్పారు. ఈ పరికరాన్ని మాత్రం ఎవరూ బాగుచేయకుండా ఉంటే బాగుండునని నాకనిపించింది.

ఎండలు తగ్గాక ఒక శుక్రవారం శ్రీలతనూ పాపనూ బావి చూపించడానికి తీసుకెళ్లాను. గౌస్ భాయ్ కూడా వచ్చారు. పాపకు రెండు టోపీలు పెట్టాను. దూరంగా నిలబడదామంటే శ్రీలత వినకుండా పాపను గొర్రెల మధ్యకే తీసుకెళ్లింది. పీరయ్య చేతికర్ర పక్కన పెట్టి, కఫీల్ టికెట్ ఇచ్చాడని, పై నెలలో ఊరికి పోతున్నానని చెప్పాడు. అంత పెద్ద మాటను గొర్రె చెవి సవరిస్తూ చెప్పాడు.

శ్రీలత రెండు బోర్డులూ చూసింది. "ఇంతకీ దీని అసలు పేరేంటి పీరయ్యా? సల్మానా, మర్జూకా?"

"గవన్ని నాకు తెల్వదమ్మా," అన్నాడు పీరయ్య. "వచ్చిన కాడినుంచి నేనైతే ముత్యవ్వ బాయి అంట. మా ఇంటామె పేరు. గొర్లకు గూడ గదే అలవాటైంది. ముత్యవ్వ బాయికి పోదాం పాండ్రి అంటె ఉరుకుతయి. గదే దీని పేరు. ఏమంటవ్ గౌస్ భాయ్?"

గౌస్ భాయ్ గొంతు సవరించుకుని నోరు తెరిచారు.

నేను చుట్టూ చూశాను. అటువైపు ఇసుకదిబ్బ మీద అబూ తలాల్ గారి జీపు ఆగి ఉంది. ఇటువైపు తొట్టి దగ్గర అబూ నాసిర్ గారి మనవళ్లు ఉన్నారు.

"వద్దు భాయ్," అన్నాను. "ఈ ఒక్కసారికి దేనికీ ఒప్పుకోకండి. మూడో బోర్డంటే ఇష్తియాక్ గారు ముల్తాన్ వెళ్లిపోతారు."

గౌస్ భాయ్ నోరు మూసుకున్నారు. నా మాట కొట్టేయలేక నాకేసి చూసి బుద్ధిగా తలూపారు. పీరయ్య మాట కూడా కొట్టేయలేక, అటు తిరిగి ఆయనకేసి కూడా తలూపారు.